స్మెర్ష్: స్టాలిన్ సైనిక ప్రతిగూఢచారి సంస్థ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధం గురించి మాట్లాడుకుంటూ స్మెర్ష్ దగ్గరికి వచ్చేసరికి అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. కొందరు దాన్ని జేమ్స్ బాండ్ ద్వారా తెలుసుకున్నారు. కొందరు మాస్కో నుంచి తెలుగులో వచ్చిన సోవియట్ పుస్తకాలు చదివి పెరిగారు. మొదటివాళ్ళకు అది హంతకుల ముఠా, రెండోవాళ్ళకు వీరుల దళం. అసలు సంగతి ఈ రెండిటికన్నా చిక్కుగా ఉంటుంది. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## మొట్టమొదటి సందేహాలు

స్మెర్ష్ నిజంగా ఉండేదా, లేక నవలల కోసం కల్పించిందా?

నిజంగానే ఉండేది. 1943 ఏప్రిల్ 19న సోవియట్ ప్రభుత్వం ఒక రహస్య ఉత్తర్వుతో దాన్ని ఏర్పాటు చేసింది. 1946 మేలో రద్దు చేసింది. మొత్తం ఆయుష్షు మూడేళ్ళు. ‘గూఢచారులకు మరణం’ అనే అర్థం వచ్చే రెండు రష్యన్ మాటలను కుదించి ఆ పేరు పెట్టారు. మొదట ‘జర్మన్ గూఢచారులకు మరణం’ అని అనుకున్నారట. మన మీద నిఘా పెట్టేది జర్మన్లొక్కరేనా అని స్టాలిన్ అడిగి ‘జర్మన్’ తీయించాడని చెప్పుకుంటారు.

సైనిక ప్రతిగూఢచర్యం అంటే ఏంటి? మామూలు గూఢచర్యానికీ దీనికీ తేడా ఏంటి?

శత్రువు రహస్యాలు తెలుసుకోవడం గూఢచర్యం. మన రహస్యాలు శత్రువుకు చేరకుండా కాపాడటం ప్రతిగూఢచర్యం. సోవియట్ సైన్యంలో మొదటి పని గ్రూ అనే సంస్థది, రెండోది స్మెర్ష్‌ది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. శత్రువు గూఢచారి ఎక్కడుంటాడు? మన సైన్యంలోనే, మన యూనిఫాంలోనే ఉంటాడు. కాబట్టి ప్రతిగూఢచారి అధికారి రోజంతా చూసేది సొంత సైనికులనే. ఎవరు ఏం మాట్లాడుతున్నారు, ఎవరికి ఉత్తరాలు రాస్తున్నారు, ఎవరి అన్న జర్మన్ల చేతికి చిక్కాడు అన్నవన్నీ అతని లెక్కలోకి వస్తాయి. ఏ దేశంలోనైనా ఈ పని ఇలాగే ఉంటుంది. స్టాలిన్ రాజ్యంలో మాత్రం గూఢచారికీ, గొణుక్కునే సైనికుడికీ మధ్య గీత దాదాపు చెరిగిపోయింది.

స్మెర్ష్, ఎన్‌కేవీడీ, కేజీబీ అన్నీ ఒకటే కదా?

కాదు. ఎన్‌కేవీడీ అంటే బేరియా నడిపిన హోం మంత్రిత్వ శాఖ లాంటిది. పోలీసులు, జైళ్ళు, శ్రమ శిబిరాలు, సరిహద్దు దళాలు దాని కింద ఉండేవి. కేజీబీ 1954లో పుట్టింది, అంటే స్మెర్ష్ రద్దయిన ఎనిమిదేళ్ళకు. స్మెర్ష్ సిబ్బందిలో చాలామంది ఎన్‌కేవీడీ నుంచి వచ్చినవాళ్ళే అయినా, సంస్థ మాత్రం రక్షణ శాఖ కిందికి వచ్చింది. అప్పుడు రక్షణ మంత్రి స్వయంగా స్టాలినే.

స్మెర్ష్‌లు మూడు ఉండేవని ఎక్కడో చదివాను, అదేంటి?

మీరు చదివింది నిజమే. రక్షణ శాఖ కింద పెద్దది, విక్టర్ అబకుమోవ్ నడిపాడు. నౌకాదళానికి ఒకటి, దాని అధిపతి ప్యోతర్ గ్లద్కోవ్. ఎన్‌కేవీడీ సొంత దళాల మీద నిఘాకు మూడోది, సెమ్యోన్ యుఖిమోవిచ్ కింద ఉండేది. చరిత్రలో ‘స్మెర్ష్’ అని ఊరికే అంటే అబకుమోవ్‌దే అనుకోవాలి.

## 1943కి ముందు

అంతకుముందు ఈ పని ఎవరు చేసేవాళ్ళు?

1918 డిసెంబర్ 19న, అంతర్యుద్ధం నడుస్తుండగా, బోల్షివిక్కుల రహస్య పోలీసు సంస్థ అయిన చెకాలో సైన్యం కోసం ఒక ప్రత్యేక విభాగం పెట్టారు. మొదటి అధిపతి మిఖాయిల్ కెద్రోవ్. ఎందుకు పెట్టారో తెలిస్తే తర్వాతి చరిత్ర సగం అర్థమవుతుంది. ఎర్ర సైన్యానికి యుద్ధం తెలిసిన అధికారులు కావాలి. వాళ్ళు జార్ పాత సైన్యంలోనే ఉన్నారు. ఆ సైన్యాన్ని నడిపిన ట్రాట్‌స్కీ వేల మందిని తీసుకున్నాడు, కానీ వాళ్ళను పార్టీ పూర్తిగా నమ్మలేదు. నమ్మలేని అధికారుల పక్కన నిఘా మనుషులను కూర్చోబెట్టింది. అంటే ఈ వ్యవస్థ పుట్టుకలోనే బయటి శత్రువు మీద ఎంత అనుమానం ఉందో సొంత అధికారుల మీదా అంతే ఉంది.

కెద్రోవ్ సంగతి కూడా చెప్పాలి. బేరియా హయాంలో ఆయన్నే అరెస్టు చేసి 1941లో కాల్చేశారు. ఈ ఉద్యోగంలో పైకి వెళ్ళినవాళ్ళలో మంచం మీద కన్నుమూసినవాళ్ళు తక్కువ.

1937లో సైన్యాధికారులను చంపించింది వీళ్ళేనా?

నిర్ణయం స్టాలిన్‌ది, అమలు ఎన్‌కేవీడీది. సైన్యంలో పేర్లు పోగుచేసి కేసులు తయారుచేసింది మాత్రం ప్రత్యేక విభాగాలే. మార్షల్ తుఖచేవ్‌స్కీని 1937 మేలో అరెస్టు చేసి, జర్మనీ గూఢచారినని ఒప్పించి, జూన్‌లో కాల్చేశారు. ఆ ‘ఒప్పుకోలు’ కాగితాల మీద ఉన్న మరకలు రక్తపు మరకలేనని తర్వాత పరీక్షల్లో తేలింది. స్టాలిన్ పోయాక, 1957లో, ఆయన నిర్దోషి అని ప్రకటించారు.

1941లో జర్మన్లు దాడి చేసినప్పుడు ప్రతిగూఢచారి విభాగం ఏమైంది?

ఆ ఒక్క ఏడాదిలోనే రెండుసార్లు చేతులు మారింది. ఫిబ్రవరిలో రక్షణ శాఖ కిందికి ఇచ్చారు. జూన్ 22న దాడి మొదలైంది. జులై 17న మళ్ళీ లాక్కుని ఎన్‌కేవీడీకి ఇచ్చి అబకుమోవ్‌ను కూర్చోబెట్టారు. లక్షల మంది సైనికులు చుట్టుముట్టబడి, చెల్లాచెదురై, బందీలై పోతున్న రోజులవి. చుట్టుముట్టిన వలయం నుంచి తప్పించుకుని వచ్చిన ప్రతివాణ్ణీ ‘నువ్వెలా బతికి వచ్చావు?’ అని అడగడమే ప్రత్యేక విభాగాల పెద్ద పనైపోయింది. ఆగస్టులో వచ్చిన 270వ నంబరు ఉత్తర్వు లొంగిపోయిన అధికారుల కుటుంబాలను కూడా అరెస్టు చెయ్యమంది.

వెనక నుంచి మిషన్‌గన్లు పెట్టి సొంత సైనికులనే కాల్చేవాళ్ళట కదా?

సినిమాల్లో చూపించే ఆ దృశ్యం రోజువారీ వ్యవహారం కాదు. అలాగని పూర్తిగా కల్పితమూ కాదు. 1942 జులై 28న స్టాలిన్ 227వ నంబరు ఉత్తర్వు ఇచ్చాడు: ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యకూడదు. దాని ప్రకారం వెనుదిరిగేవాళ్ళను ఆపడానికి అడ్డగింపు దళాలు, తప్పు చేసినవాళ్ళకు శిక్షా బెటాలియన్లు వచ్చాయి.

ఆ దళాలు ఏం చేశాయో వాళ్ళ సొంత రహస్య నివేదికే చెబుతోంది. 1942 ఆగస్టు 1 నుంచి అక్టోబర్ 15 వరకు 1,40,755 మందిని ఆపారు. వాళ్ళలో 1,31,094 మందిని తిరిగి యూనిట్లకో, సైనికులను పోగుచేసే కేంద్రాలకో పంపారు. 3,980 మందిని అరెస్టు చేశారు. 1,189 మందిని కాల్చారు. దాదాపు మూడు వేల మందిని శిక్షా కంపెనీలకు, బెటాలియన్లకు పంపారు. అంటే నూటికి తొంభై మందికి పైగా వెనక్కి పంపేశారు. కాల్చింది వందకు ఒకరి కంటే తక్కువ. రెండున్నర నెలల్లో సొంత సైనికులను వెయ్యి మందికి పైగా కాల్చడం చిన్న విషయమూ కాదు.

ఇదంతా స్మెర్ష్ పుట్టకముందు జరిగింది. 1943 నాటికి సైన్యం ముందుకు నడుస్తోంది కాబట్టి ఆ దళాల అవసరం తగ్గింది. 1944 అక్టోబర్‌లో రద్దు చెయ్యమని ఉత్తర్వు వచ్చింది.

మరి 1943లో మళ్ళీ కొత్త సంస్థ ఎందుకు?

పైకి కనిపించే కారణం యుద్ధం మలుపు తిరగడం. స్టాలిన్‌గ్రాడ్ తర్వాత సైన్యం పడమటికి కదిలింది. విడిపించిన ఊళ్ళలో జనం ఏడాది, రెండేళ్ళు జర్మన్ల కింద బతికినవాళ్ళు. వాళ్ళలో ఎవరిని జర్మన్లు గూఢచారిగా వదిలి వెళ్ళారో తేల్చాలి.

లోపలి కారణం బేరియా. అతని చేతిలో అధికారం మితిమీరి పోగుపడింది. 1943 ఏప్రిల్ 14న స్టాలిన్ ఎన్‌కేవీడీని చీల్చి రాజ్య భద్రత చూసే ఎన్‌కేజీబీ అనే వేరే శాఖ పెట్టి మెర్కులోవ్‌కు ఇచ్చాడు. ఐదు రోజులకు సైనిక ప్రతిగూఢచర్యాన్ని కూడా విడదీసి తన కిందే పెట్టుకున్నాడు. అప్పటి నుంచి సైన్యం మీద నివేదికలు బేరియా బల్ల దాటి రావలసిన అవసరం లేకపోయింది. నా మట్టుకు రెండో కారణమే బరువైనదనిపిస్తుంది, ఎందుకంటే మొదటి పనిని పాత విభాగాలు కూడా చెయ్యగలిగేవి.

## పనిచేసిన తీరు

అబకుమోవ్ ఎవరు? అంత పెద్ద పదవి ఎలా వచ్చింది?

1908లో మాస్కోలో ఒక మామూలు శ్రామిక కుటుంబంలో పుట్టాడు. పెద్దగా చదువుకోలేదు. స్మెర్ష్ అధిపతి అయ్యేనాటికి ఇంకా 35 నిండలేదు. మనిషి ఎత్తరి, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, మంచి బట్టలంటే ఇష్టం. ఖైదీలను తనే స్వయంగా కొట్టేవాడని అతని చేతిలో పడి బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. 1937 ప్రక్షాళనలో, అంటే స్టాలిన్ జరిపించిన సామూహిక అరెస్టులు, కాల్చివేతల్లో, పైవాళ్ళంతా పోవడంతో ఖాళీ అయిన కుర్చీల్లోకి ఎక్కిన తరం అతనిది. తనను పెంచింది స్టాలినేనని అతనికి బాగా తెలుసు, అది స్టాలిన్‌కూ తెలుసు.

ఒక రెజిమెంట్‌లో స్మెర్ష్ అధికారి రోజూ ఏం చేసేవాడు?

చూడ్డానికి మిగతా అధికారుల్లాగే ఉండేవాడు. ఫిరంగి దళంలో ఉంటే ఫిరంగి దళం యూనిఫాం, ట్యాంకు దళంలో ఉంటే ట్యాంకు దళం యూనిఫాం. హోదా కూడా కెప్టెన్, మేజర్ లాంటి సైనిక హోదానే. అయితే అతని పైఅధికారి రెజిమెంట్ కమాండర్ కాదు. డివిజన్‌లో ఉన్న స్మెర్ష్ విభాగం, దాని పైన ఆర్మీ విభాగం, ఆపైన ఫ్రంట్ (కొన్ని ఆర్మీలు కలిసిన పెద్ద సేనా విభాగం) డైరెక్టరేట్, చివరికి మాస్కో. కమాండర్ అతనికి ఆజ్ఞలు ఇవ్వలేడు. అతను మాత్రం కమాండర్ గురించి పైకి రాయగలడు. ముందు వరుసలో ఉన్న కమాండర్లకు ఇదెంత టెన్షన్ పెట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అతని ముఖ్యమైన పనిముట్టు ఇన్‌ఫార్మర్లు. సైనికుల్లోనే కొందరిని రహస్యంగా పిలిచి, సంతకం చేయించుకుని, మారుపేరు ఇచ్చేవాడు. పారిపోవాలని చూస్తున్నదెవరు, కావాలని చేతిలో కాల్చుకున్నదెవరు, ఓటమి మాటలు మాట్లాడుతున్నదెవరు అనేవి వాళ్ళు చెప్పాలి. మిగిలిన సమయం విచారణలకు, రాతకోతలకు పోయేది. కొత్తగా పట్టుకున్న ఊళ్ళో జర్మన్ల ఆఫీసు కాగితాలు దొరికితే అది పండగే. గూఢచారి శిక్షణ బడుల రిజిస్టర్లు, ఫొటోలు చిక్కితే వాటి నుంచి పేర్లతో, ఆనవాళ్ళతో గాలింపు జాబితాలు తయారయ్యేవి. గాలింపులో చాలా భాగం తుపాకులు పట్టుకుని అడవుల్లో పరుగులు కాదు, ఫైళ్ళు తిరగెయ్యడమే.

ఎవరినైనా పట్టుకుని అక్కడికక్కడే కాల్చేసే అధికారం ఉండేదా?

కాగితం మీద లేదు. సిపాయిలను, కింది హోదాలవాళ్ళను అరెస్టు చెయ్యాలంటే సైనిక ప్రాసిక్యూటర్ ఒప్పుకోవాలి. మధ్య హోదా అధికారులైతే కమాండర్ కూడా ఒప్పుకోవాలి. అత్యున్నత హోదాలవాళ్ళకు రక్షణ మంత్రి, అంటే స్టాలిన్ అనుమతి కావాలి. శిక్ష వేసేది సైనిక ట్రిబ్యునల్, లేదా మాస్కోలో నిందితుడు ఎదురుగా లేకుండానే తీర్పు చెప్పే ‘ప్రత్యేక సమావేశం’.

ఆచరణలో స్మెర్ష్ అడిగితే కాదనే ప్రాసిక్యూటర్ అరుదు. విచారణలో నిద్రపోనివ్వకపోవడం, కొట్టడం మామూలే. ట్రిబ్యునల్ చేతికి వచ్చేసరికి ఫైల్లో ఒప్పుకోలు సిద్ధంగా ఉండేది.

జర్మన్లు నిజంగా అంతమంది గూఢచారులను పంపారా?

పంపారు. జర్మన్ సైనిక గూఢచారి సంస్థ ఆబ్వేర్, నాజీ పార్టీ సాయుధ సంస్థ ఎస్ఎస్ వాళ్ళ ‘జెప్పెలిన్’ కార్యక్రమం కలిసి సోవియట్ యుద్ధఖైదీల నుంచే వేల మందిని ఎంచుకుని శిక్షణ ఇచ్చి, విమానాల్లో దించారు లేదా యుద్ధరేఖ దాటించారు. ఆ ఖైదీల్లో చాలామంది ఒప్పుకున్నది నాజీల మీద ప్రేమతో కాదు. 1941–42 చలికాలంలో జర్మన్ శిబిరాల్లో సోవియట్ ఖైదీలు ఆకలితో, జబ్బులతో లక్షల్లో చనిపోయారు. బతికి బయటపడే దారి అదొక్కటే కనిపించింది. అందుకే నేల మీద కాలు పెట్టగానే నేరుగా వెళ్ళి లొంగిపోయినవాళ్ళు చాలామంది. స్మెర్ష్ విజయాల్లో ఒక భాగం వీళ్ళ నడక వల్ల వచ్చిందే.

స్టేపుల్ పిన్ను తుప్పు కథ నిజమేనా?

జర్మన్లు సోవియట్ గుర్తింపు పుస్తకాలను అచ్చుగుద్దినట్టు తయారుచేశారు గానీ, తుప్పు పట్టని మంచి ఉక్కు పిన్నులు కొట్టారు. అసలు సోవియట్ పుస్తకాల్లో నాసిరకం పిన్నులు తుప్పు పట్టి కాగితం మీద మరక వదిలేవి. మరక లేకపోతే మనిషి దొరికినట్టే. ఇది అప్పటివాళ్ళు ఇష్టంగా చెప్పుకున్న కథ, నమ్మదగినదే. కాకపోతే దాన్నే మొత్తం విద్య అనుకోకూడదు. కాగితాల్లో మామూలు కంటికి కనబడని రహస్య గుర్తులు పెట్టి, వాటిని ఎప్పటికప్పుడు మార్చేవాళ్ళు. ఏ ఆసుపత్రి ఏ తేదీన ఎక్కడుంది, ఏ యూనిట్ ఏ దారిన వెళ్ళింది అన్నది మనిషి చెప్పే కథతో సరిపోల్చేవాళ్ళు. ఎక్కువమంది పట్టుబడింది అక్కడే.

‘రేడియో ఆట’ అంటే ఏంటి?

దొరికిన గూఢచారిని కాల్చేస్తే ఒక గూఢచారి తగ్గుతాడు. అతని చేతే రేడియోలో జర్మన్లతో మాట్లాడిస్తే వాళ్ళ మొత్తం వ్యవస్థనే ఆడించవచ్చు. యుద్ధకాలంలో సోవియట్లు ఇలాంటి ఆటలు నూటికి పైగా నడిపారు. 1943 నుంచి ఈ పనిలో ఎక్కువ భాగం స్మెర్ష్ మూడో విభాగం చేతికి వచ్చింది.

వినడానికి తేలిక, చెయ్యడం మాత్రం కష్టం. మోర్స్ మీట నొక్కే తీరు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. అవతలివాళ్ళు ఆ చెయ్యిని గుర్తుపడతారు కాబట్టి పట్టుబడ్డవాడి చేతే కొట్టించాలి. అతను ‘నేను దొరికిపోయాను’ అని చెప్పే ముందుగా అనుకున్న గుర్తును సందేశంలో కలిపేస్తే ఆట ముగిసినట్టే. అందుకని పక్కన సంకేతం తెలిసినవాణ్ణి కూర్చోబెట్టేవాళ్ళు. ఇక ఏం చెప్పాలి? అంతా అబద్ధం చెబితే జర్మన్ విమానం పైనుంచి చూసి పట్టేస్తుంది. అంతా నిజం చెబితే సొంత సైన్యం చస్తుంది. ఏ రైలు కదలిక చెప్పాలో, ఏది దాచాలో జనరల్ స్టాఫ్ ఆమోదించాకే సందేశం వెళ్ళేది. నమ్మకం కుదిరాక ‘బ్యాటరీలు అయిపోయాయి, డబ్బు కావాలి, మనిషిని పంపండి’ అని అడిగేవాళ్ళు. జర్మన్లు పంపేవాళ్ళు. దిగినచోటే పట్టుకునేవాళ్ళు.

వీటిలో అన్నిటికంటే పేరున్న ‘బెరెజినో’ ఆపరేషన్ మాత్రం స్మెర్ష్‌ది కాదు, సుదోప్లాతోవ్ నడిపిన ఎన్‌కేజీబీ విభాగానిది. బెలారుస్ అడవుల్లో లెఫ్టినెంట్ కర్నల్ షెర్‌హోర్న్ కింద రెండు వేలకు పైగా జర్మన్ సైనికులు చిక్కుకుపోయి పోరాడుతున్నారని 1944 ఆగస్టు నుంచి బెర్లిన్‌ను నమ్మించారు. జర్మన్లు యుద్ధం ముగిసేదాకా ఆ లేని దళానికి మనుషులను, మందులను, ఆహారాన్ని జారవిడుస్తూనే ఉన్నారు. ఖైదీగా ఉన్న షెర్‌హోర్న్‌కు పదోన్నతి, పతకం కూడా ప్రకటించారు.

స్టాలిన్‌ను చంపడానికి వచ్చినవాణ్ణి స్మెర్షే పట్టుకుందా?

పట్టుకున్నది ఆ ప్రాంతపు ఎన్‌కేవీడీ సిబ్బంది. 1944 సెప్టెంబర్ 5 తెల్లవారుజామున స్మొలెన్‌స్క్ ప్రాంతంలో ఒక జర్మన్ ఆరాడో విమానం దిగుతూ దెబ్బతింది. అందులోంచి ప్యోతర్ తవ్రిన్ అనే పేరుతో ఉన్న మనిషి, అతని భార్యగా, రేడియో ఆపరేటర్‌గా వచ్చిన లిదియా షిలోవా, పక్క తొట్టి ఉన్న మోటార్‌సైకిల్ మీద బయలుదేరారు. కర్మనోవో దగ్గర ఆపి చూస్తే సోవియట్ హీరో పతకం, చొక్కా చేతిలోపల ఇమిడే చిన్న రాకెట్ ఆయుధం, నకిలీ కాగితాలు దొరికాయి. ఆ కాగితాల ప్రకారం అతను 39వ ఆర్మీ స్మెర్ష్ విభాగంలో ఉప అధిపతి! అలాంటి కార్డు చూపిస్తే ఎవరూ ప్రశ్నలు వెయ్యరని జర్మన్లకు కూడా తెలుసన్నమాట.

ఆ తర్వాత వాళ్ళిద్దరితోనే ‘పొగమంచు’ పేరుతో రేడియో ఆట నడిపారు, అందులో స్మెర్ష్ భాగం పంచుకుంది. 1952లో ఇద్దరినీ కాల్చేశారు.

మొత్తం ఎంతమంది గూఢచారులను పట్టుకున్నారు?

రష్యా అధికార వర్గాలు చెప్పే లెక్క: యుద్ధకాలంలో సైనిక ప్రతిగూఢచారి విభాగాలు 30 వేల మందికి పైగా గూఢచారులను, మూడున్నర వేల మందికి పైగా విధ్వంసకులను, ఆరు వేల మందికి పైగా ఉగ్రవాదులను పట్టుకున్నాయి. ఈ అంకెలను అలాగే తీసుకోకండి. ఒప్పుకోలే ప్రధాన సాక్ష్యమైన చోట, కొట్టి ఒప్పించే అలవాటు ఉన్నచోట, ‘గూఢచారి’ అని రాసినవాళ్ళందరూ గూఢచారులు కాదు. చాలామందిని తర్వాత నిర్దోషులుగా ప్రకటించారు. అయితే తవ్రిన్ లాంటి అసలు మనుషులూ ఆ లెక్కలోనే ఉన్నారు.

## విజయం తర్వాత

జర్మన్ శిబిరాల నుంచి బయటపడ్డ సోవియట్ సైనికులందరినీ సైబీరియాకు పంపేశారా?

అందరినీ కాదు. స్మెర్ష్, ఎన్‌కేవీడీ కలిసి ప్రతివాణ్ణీ ప్రశ్నించి జల్లెడ పట్టాయి. 1946 మార్చి నాటికి తిరిగివచ్చిన 15 లక్షలకు పైగా యుద్ధఖైదీల్లో సుమారు 43 శాతాన్ని మళ్ళీ సైన్యంలోకి తీసుకున్నారు. 18 శాతాన్ని ఇళ్ళకు పంపారు. 22 శాతాన్ని శ్రమ బెటాలియన్లలో వేశారు. దాదాపు 15 శాతం ఎన్‌కేవీడీ చేతికి వెళ్ళారు. ఇంటికి చేరినవాళ్ళను కూడా ఆ మచ్చ వదల్లేదు. ఉద్యోగానికి దరఖాస్తు చేసిన ప్రతిసారీ ‘శత్రువు చేతిలో బందీగా ఉన్నారా?’ అనే గడి ఎదురయ్యేది.

సోల్జెనిత్సిన్‌ను అరెస్టు చేసింది స్మెర్షేనా?

అవును. 1945 ఫిబ్రవరి 9న, తూర్పు ప్రష్యాలో. తర్వాత రచయితగా పేరుపొందిన ఆయన అప్పటికి ఫిరంగి దళంలో కెప్టెన్, పతకాలు పొందినవాడు. మరో ఫ్రంట్‌లో ఉన్న చిన్ననాటి స్నేహితుడికి రాసిన ఉత్తరాల్లో స్టాలిన్‌ను మారుపేరుతో ఎగతాళి చేశాడు. సెన్సారు ఆ ఉత్తరాలు పట్టుకుంది. బ్రిగేడ్ కమాండర్ ఆఫీసుకు పిలిపించి అరెస్టు చేశారు. వెళ్ళేముందు ఆ కమాండర్ అందరిముందూ చెయ్యి కలిపాడని సోల్జెనిత్సిన్ తర్వాత కృతజ్ఞతతో రాసుకున్నాడు. జులైలో ప్రత్యేక సమావేశం ఎనిమిదేళ్ళ శిక్ష వేసింది.

హిట్లర్ శవాన్ని వీళ్ళే కనిపెట్టారా? అయితే అన్నేళ్ళు ఎందుకు దాచారు?

బెర్లిన్‌లో హిట్లర్ బంకర్ పక్కన తోటలో, బాంబు గుంటలో సగం కాలిన రెండు శవాలు 1945 మే 4న ఒక సిపాయికి కనిపించాయి. మొదట అంతగా పట్టించుకోక మళ్ళీ పూడ్చేశారు. మర్నాడు 79వ కోర్ స్మెర్ష్ అధిపతి ఇవాన్ క్లిమెంకో మనుషులు తవ్వి తీశారు. మే 8న నగర శివార్లలోని బూఖ్‌లో శవపరీక్ష జరిగింది. ముఖాలు గుర్తుపట్టేలా లేవు, మిగిలింది పళ్ళు. హిట్లర్ దంతవైద్యుడు అప్పటికే నగరం వదిలి పారిపోయాడు. అతని సహాయకురాలు కేటె హోయిజర్‌మన్, పళ్ళు కట్టిన నిపుణుడు ఫ్రిట్జ్ ఎఖ్ట్‌మన్ దొరికారు. ఏ పన్నుకు ఏ బ్రిడ్జి (కట్టుడు పళ్ళ వరుస) కట్టారో ఆమె జ్ఞాపకం నుంచే చెప్పింది, సరిపోయింది. దవడ ఎముకలున్న చిన్న పెట్టెను ఆ రోజుల్లో చేతిలో పట్టుకుని తిరిగింది స్మెర్ష్ దుబాసీ యెలెనా ర్జెవ్‌స్కయా.

అంటే మే నెలలోనే మాస్కోకు సంగతి తెలుసు. అయినా స్టాలిన్ ఆ నెలాఖరులో అమెరికా దూత హాప్కిన్స్‌తో హిట్లర్ తప్పించుకుని ఉంటాడని అన్నాడు. జూన్‌లో మార్షల్ జూకోవ్ విలేకరుల ముందు శవం దొరకలేదని చెప్పాడు. జూకోవ్ అబద్ధమాడలేదు, ఆయనకు చెప్పలేదంతే! బెర్లిన్‌ను జయించిన సేనానికి అసలు సంగతి 1965లో ర్జెవ్‌స్కయా చెబితేగానీ తెలియలేదు. స్మెర్ష్ ఎవరికి జవాబుదారీయో ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు.

సాక్ష్యం చెప్పిన హోయిజర్‌మన్‌కు దక్కింది ఏళ్ళ తరబడి సోవియట్ జైలు. శవాలను స్మెర్ష్ యూనిట్ తన వెంట తీసుకెళ్ళి చివరికి మాగ్డెబుర్గ్‌లో పూడ్చింది. 1970 ఏప్రిల్‌లో ఆ స్థలం తూర్పు జర్మనీకి అప్పగించే ముందు కేజీబీ వాటిని తవ్వించి, కాల్చి, బూడిదను నదిలో కలిపేసింది. దవడ ఎముకలు మాస్కోలోనే ఉన్నాయి.

పోలండ్‌లో స్మెర్ష్ పేరు చెబితే ఇప్పటికీ ఎందుకంత కోపం?

కారణాలు చాలా ఉన్నా ఒకటి చెబుతాను. యుద్ధం ముగిసిన రెండు నెలలకు, 1945 జులైలో, అగుస్తూవ్ అడవుల చుట్టుపక్కల సోవియట్ దళాలు వేల మందిని పట్టుకుని జల్లెడ పట్టాయి. కమ్యూనిస్టులను వ్యతిరేకించే పోలిష్ ప్రతిఘటన దళాలవాళ్ళని అనుమానించిన సుమారు 600 మంది తిరిగి రాలేదు. 592 మందిని హతమార్చబోతున్నట్టు అబకుమోవ్ బేరియాకు రాసిన లేఖ తర్వాత రష్యన్ చరిత్రకారుల ద్వారా బయటికొచ్చింది. వాళ్ళను ఎక్కడ పూడ్చారో ఆ కుటుంబాలకు ఇప్పటికీ తెలియదు.

## రద్దు, ఆ తర్వాత

1946లో ఎందుకు రద్దు చేశారు?

యుద్ధం అయిపోయింది. సంస్థ రద్దయిందంటే మనుషులు ఇంటికి పోయారని కాదు. మొత్తాన్ని రాజ్య భద్రతా మంత్రిత్వ శాఖలో మూడో ప్రధాన డైరెక్టరేట్‌గా కలిపేశారు. ఆ శాఖకు మంత్రి ఎవరంటే అబకుమోవే. సైన్యం మీద నిఘా ఆగలేదు సరికదా, ఈసారి గెలిచిన సేనానుల మీదికి మళ్ళింది. జనరల్ గోర్దోవ్ ఇంట్లో రహస్యంగా మైకులు పెట్టి, స్టాలిన్‌ను తిట్టిన మాటలు రికార్డు చేశారు. 1950లో కాల్చేశారు. జూకోవ్ ఇంట్లో సోదా చేసి జర్మనీ నుంచి తెచ్చుకున్న తివాచీల లెక్క రాశారు.

అబకుమోవ్ చివరికి ఏమయ్యాడు?

కిందివాడైన ర్యూమిన్ ఫిర్యాదుతో 1951 జులైలో స్టాలినే అరెస్టు చేయించాడు. సంకెళ్ళతో, దెబ్బలతో, అతను ఇతరులకు చేసినవన్నీ అతనికి జరిగాయి. స్టాలిన్ పోయాక, బేరియాను కాల్చాక కూడా వదల్లేదు. ఆ తర్వాత అధికారానికి వచ్చిన క్రుష్చేవ్ కాలంలో లెనిన్‌గ్రాడ్‌లో విచారించి 1954 డిసెంబర్ 19న కాల్చేశారు. అది సోవియట్ సైనిక ప్రతిగూఢచారి విభాగం పుట్టినరోజు. కావాలని ఎంచుకున్న తేదీ అనుకోను, కానీ ఆ తేదీన రష్యాలో ఏటా పండగ చేసుకునేవాళ్ళకు ఇది గుర్తుంటుందో లేదో.

ఇప్పుడు రష్యాలో ఈ పని ఎవరు చేస్తున్నారు?

కేజీబీకి వారసురాలైన భద్రతా సంస్థ ఎఫ్ఎస్‌బీలోని సైనిక ప్రతిగూఢచారి విభాగం. 2022లో ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి యుద్ధం మొదలయ్యాక స్మెర్ష్ పేరునే మళ్ళీ తేవాలని కొందరు రష్యన్ రాజకీయ నాయకులు మాట్లాడుతున్నారు.

## సినిమాలు, పుకార్లు, మన సంగతి

జేమ్స్ బాండ్‌లో చూపించే స్మెర్ష్‌కీ దీనికీ సంబంధం ఉందా?

పేరు వరకే. ఇయాన్ ఫ్లెమింగ్ మొదటి బాండ్ నవల 1953లో వచ్చింది. అప్పటికి స్మెర్ష్ రద్దయి ఏడేళ్ళు. విదేశాల్లో హత్యలు చేసే సంస్థగా చూపించాడు. అసలు స్మెర్ష్ పని సొంత సైన్యం లోపల, సైన్యం అడుగుపెట్టిన ప్రాంతాల్లో. సినిమాలవాళ్ళు తర్వాత స్మెర్ష్ బదులు స్పెక్టర్ అనే కల్పిత ముఠాను ముందుకు తెచ్చారు.

నేతాజీని స్మెర్ష్ పట్టుకుని సైబీరియాకు తీసుకెళ్ళిందంటారు, నిజమేనా?

దానికి పత్రాల ఆధారం ఏదీ బయటికి రాలేదు. 1945 ఆగస్టు 18న తైపేలో విమాన ప్రమాదంలో బోస్ చనిపోయారన్నది భారత ప్రభుత్వ వైఖరి. బోస్ అదృశ్యంపై విచారించిన ముఖర్జీ కమిషన్ ఆ ప్రమాదం కథను ఒప్పుకోలేదు, ప్రభుత్వం కమిషన్ నివేదికను ఒప్పుకోలేదు. ఈ పుకారు పుట్టడానికి కారణం ఉంది. ఆ ఆగస్టులోనే సోవియట్ సైన్యం మంచూరియాలోకి దూసుకొచ్చింది. అక్కడ స్మెర్ష్ రష్యన్ ప్రవాసులను, అంతర్యుద్ధంలో బోల్షివిక్కులతో పోరాడిన పాత ‘శ్వేత’ సేనానులను నిజంగానే వెతికి పట్టుకుంది. వాళ్ళలో ఒకడైన అతమాన్ (కొసాక్కుల నాయకుడు) సెమ్యోనోవ్‌ను అలాగే పట్టుకుని మాస్కోలో ఉరితీశారు. నిజంగా జరిగిన ఆ వేటలోకి బోస్ పేరును ఊహ తీసుకొచ్చింది.

మన సైన్యంలో ఇలాంటి సంస్థ ఉందా?

భారత సైన్యంలో ప్రతిగూఢచర్యం మిలిటరీ ఇంటెలిజెన్స్ బాధ్యత. స్మెర్ష్‌తో పోల్చడం కుదరదు. ఇక్కడ కోర్టులున్నాయి, పత్రికలున్నాయి. అయినా ఈ పనిలో ఉండే మూల సమస్య మనకూ తెలియనిది కాదు. 1970ల చివర జమ్మూ సాంబా ప్రాంతంలో గూఢచర్యం ఆరోపణ మీద పదుల సంఖ్యలో సైనికులను అరెస్టు చేశారు. చిత్రహింసలు పెట్టి ఒప్పించారని వాళ్ళు అన్నారు. ఆ కేసు దశాబ్దాల పాటు కోర్టుల్లో నడిచింది.

స్మెర్ష్ ఫైళ్ళు ఇప్పుడు చూడొచ్చా?

కొన్ని మాత్రమే. సంస్థను ఏర్పాటు చేసిన ఉత్తర్వులు, రేడియో ఆటల పత్రాలు, విచారణ నివేదికలు కొన్ని 1990ల నుంచి అచ్చయ్యాయి. ఇన్‌ఫార్మర్ల పేర్లు, చాలా విచారణ ఫైళ్ళు మూసే ఉన్నాయి.

రౌల్ వాలెన్‌బర్గ్ కేసు చూస్తే తలుపు ఎంతవరకు తెరుచుకుంటుందో తెలుస్తుంది. బుడాపెస్ట్‌లో వేల మంది యూదులను రక్షణ పత్రాలతో కాపాడిన స్వీడన్ దౌత్యవేత్త ఆయన. 1945 జనవరిలో స్మెర్ష్ పట్టుకుని మాస్కో తీసుకెళ్ళింది. 1947 జులై 17న జైల్లో గుండెపోటుతో చనిపోయాడని సోవియట్ ప్రభుత్వం 1957లో చెప్పింది. అదే 1947 జులై 23న విచారించిన ‘7వ నంబరు ఖైదీ’ బహుశా ఆయనే అయి ఉండవచ్చని ఎఫ్ఎస్‌బీ ఆర్కైవ్ వాళ్ళే 2009లో తెలిపారు. చనిపోయాడన్న తేదీకి ఆరు రోజుల తర్వాత! ఏమీ చెరిపెయ్యని అసలు పత్రాలు ఇవ్వమని కుటుంబం 2017లో మాస్కో కోర్టుకు వెళ్ళింది. కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది.